స్వర్ణముఖికి ఇరువైపులా కరకట్టలు కడితే తిరుపతికి వరద భయం తీరుతుందా?

ప్రశ్న
తిరుచానూరు వాసి:

అందరికీ నమస్కారం. 2021 నవంబరు మూడో వారంలో శేషాచలం కొండల మీద, చంద్రగిరి అడవుల్లో కురిసిన వానకు స్వర్ణముఖి ఎలా పొంగిందో ఈ ప్రాంతం వారికి నేను చెప్పనక్కరలేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, తుంగ, ముళ్లకంప తప్ప మరేమీ కనిపించని ఏరు ఒడ్డులను కోసుకుంటూ పోయింది. తిరుచానూరు దగ్గర ఏటి ఒడ్డున ఉన్న ఇంటి పునాది కింద మట్టి కొట్టుకుపోయి, ఆ ఇల్లు నీళ్లలోకి ఒరిగిపోవడాన్ని రాష్ట్రమంతా టీవీలలో చూసింది. అదే వారంలో రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టలోంచి నీరు ఊరడం మొదలై, కట్ట కింది పల్లెలను ఖాళీ చేయించారు. కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట నవంబరు 19న తెగి, దిగువ ఊళ్లు కొట్టుకుపోయాయి.

అప్పటి నుంచి మా కాలనీ సమావేశం ఎప్పుడు జరిగినా ఒకటే డిమాండు వినిపిస్తోంది: ఏటికి రెండు వైపులా ఎత్తైన కాంక్రీటు గోడ కట్టించాలి. నాకూ మొదట అది సబబుగానే తోచింది. అయితే బీహారులో కోసీ నదికి కట్టలు కట్టాక వరదలు ఇంకా ఎక్కువయ్యాయని ఒకరు, గోదావరి డెల్టా బతికి ఉన్నదే కరకట్టల వల్ల అని మరొకరు వాదించుకోగా విని, ఈ విషయం తెలిసినవారిని అడగాలనిపించింది. నదులకు కట్టలు కట్టిన దేశాల అనుభవం ఏం చెబుతోంది? తిరుపతి మేరకే గోడ కడితే దిగువన శ్రీకాళహస్తి వైపు ఏమవుతుంది? వేల చెరువులు తవ్వించిన మన పూర్వులు ఈ ఏటికి కట్టలు ఎందుకు కట్టలేదు? తీరిక చేసుకుని వివరంగా రాయగలరని మనవి.

సమాధానం 1
విశ్రాంత ఇంజినీరు:

మీరు విన్న రెండు మాటలూ నిజమే, ఎందుకంటే అవి రెండు వేర్వేరు స్వభావాలు గల నదుల గురించి చెప్పినవి. నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం గోదావరి కరకట్టల మీద పనిచేసి, తరువాత తిరుపతిలో స్థిరపడినవాణ్ణి కనుక ముందు కట్టల పక్షాన నాలుగు మాటలు చెబుతాను. ధవళేశ్వరం దిగువన పాయల మధ్య ఉన్న నేల పెద్ద వరద వచ్చినప్పుడు నీటి మట్టానికి పల్లంలో ఉంటుంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన కాటన్ ఆనకట్ట కాలువలకు నీరిచ్చిందే గాని, ఆ కాలువల కింద పైరును వరద నుంచి కాపాడే పని కరకట్టలది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చినప్పుడు ఆ కట్టలకు అనేక చోట్ల గండ్లు పడ్డాయి. ఆ తరువాత వాటిని ఎత్తు పెంచి బలపరిచారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ పని అక్కరకొచ్చింది. లంక గ్రామాలు మాత్రం రెండుసార్లూ మునిగాయి, ఎందుకంటే అవి కట్టకు ఏటి వైపున ఉన్నాయి.

ఇక స్వర్ణముఖి సంగతి. ఇది కొండల నుంచి నిట్టనిలువుగా దిగే భీమ, కల్యాణి వంటి ఏర్లను కలుపుకొని, ఈశాన్య రుతుపవనాల కాలంలో గంటల వ్యవధిలో పొంగి, అంతే త్వరగా తగ్గిపోయే ఇసుక నది. గోదావరికి భద్రాచలం నుంచి ధవళేశ్వరానికి నీరు చేరేలోపు మనుషులను తరలించడానికి వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ అంత వ్యవధి దొరకదు.

ఇటువంటి ఏటిని గోడల మధ్య ఇరికిస్తే జరిగేది లెక్క వేసి చూడవచ్చు. వరద రోజున 400 మీటర్ల వెడల్పున రెండు మీటర్ల లోతుతో పారే నీటిని 200 మీటర్ల మధ్యకు తెచ్చారనుకోండి. వాలు, ఇసుక గరుకుదనం మారకపోతే లోతు సుమారు మూడు మీటర్లకు పెరుగుతుంది, నీటి వేగం మూడో వంతు దాకా పెరుగుతుంది. గోడను ఎత్తు లేపితే మట్టం సమస్య తీరవచ్చు గాని వేగం సమస్య తీరదు, ఎందుకంటే వేగం పెరిగిన నీరు గోడ పాదం దగ్గర ఇసుకను తవ్వుకుంటూ పోతుంది. గోడలు ఎక్కువగా పైనుంచి నీరు పొర్లి పడిపోవు. కింద పునాది ఖాళీ అయి ఏటి వైపు ఒరిగిపోతాయి. మీరు చెప్పిన ఇల్లు పడిపోయిన తీరు కూడా అదే.

దీనికి మన దేశపు రైల్వే వంతెనల ఇంజినీర్లు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక ఉపాయం కనిపెట్టారు. కట్ట పాదం దగ్గర ఏటి అడుగు మీద బరువైన రాళ్లను కొన్ని మీటర్ల వెడల్పున పరుపులా పరిచి వదిలేస్తారు. నీరు ఆ పరుపు అంచు దగ్గర ఇసుకను తవ్వగానే అంచున ఉన్న రాయి ఆ గుంతలోకి జారుతుంది, దాని వెనుక మరో రాయి జారుతుంది; చివరికి తవ్విన గుంత వాలు మొత్తం రాళ్లతో కప్పుకుని, కోత కట్ట కిందికి రాకుండా అక్కడే ఆగిపోతుంది. సిమెంటుతో బిగించిన రాతి కట్టుబడికి ఈ గుణం లేదు, ఎందుకంటే అది జారదు, విరుగుతుంది. గోడ కట్టాలని అడిగేవారు గోడ ఎత్తు ఎంత అని కాక, పాదం ఎంత లోతుకు దిగింది, ముందు రాతి పరుపు ఎంత వెడల్పు అని అడగడం మంచిది. ఇసుక తవ్వకాలతో ఏటి అడుగు ఏటా దిగిపోయే చోట ఆ లోతు లెక్క కూడా నిలవదని గుర్తుంచుకోవాలి.

శ్రీకాళహస్తి గురించి అడిగారు. ఏరు ఒడ్డు దాటి పొలాల్లో, తోపుల్లో పరుచుకున్నప్పుడు ఆ నీరు కొన్ని గంటలు అక్కడ నిలిచి, నెమ్మదిగా మళ్లీ ఏటిలో కలుస్తుంది. దానివల్ల దిగువకు చేరే వరద ఉధృతి తగ్గుతుంది. తిరుపతి మేరకు గోడ కట్టి నీరు పరుచుకునే ఆ చోటును మూసేస్తే, అంతే నీరు మరింత త్వరగా, మరింత ఎత్తున దిగువ ఊళ్లకు చేరుతుంది. ఎంత ఎత్తున అన్నది సర్వే చేసి లెక్కించవలసిన విషయమే గాని, ఏ దిశగా మార్పు వస్తుందన్నదానిలో సందేహం లేదు.

సమాధానం 2
చరిత్ర విద్యార్థి:

ఇంజినీరు గారు ఇబ్బంది అని చెప్పిన ఆ నీటి వేగాన్నే ఆయుధంగా వాడుకోవాలని పదహారో శతాబ్దపు చైనాలో ఒక అధికారి ఆలోచించాడు. పసుపు నది ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఒండ్రు మోసే నదులలో ఒకటి. ఆ ఒండ్రు అడుగున పేరుకుని నది మట్టం ఏటా పెరుగుతుంటే కట్టలనూ పెంచుతూ పోవలసి వచ్చేది. చివరికి కైఫెంగ్ వంటి చోట్ల నది అడుగే పక్క మైదానం కంటే ఎన్నో మీటర్ల ఎత్తుకు చేరింది. మింగ్ వంశం కాలంలో నది పనులకు నాలుగు మార్లు అధిపతిగా ఉన్న పాన్ జీషున్ నదిని దగ్గరి కట్టల మధ్య బిగించి, నీటి వేగంతోనే ఒండ్రును సముద్రంలోకి నెట్టించాలని నిర్ణయించాడు.

ఈ కథ చెప్పేవారు ఇక్కడితో ఆపేస్తారు గాని అసలు విశేషం తరువాత ఉంది. ఆయన దగ్గరి కట్టకు వెనుక, చాలా దూరంలో రెండో కట్ట కట్టించాడు; మొదటి కట్ట దాటిన నీరు ఈ రెండింటి మధ్య పరుచుకునేది. అంతటితో ఆగక, నీరు ఒక మట్టం దాటగానే దానంతట అదే బయటికి పొర్లిపోయేలా కట్టలో అక్కడక్కడా రాతి కలుజులు పెట్టించాడు. అంటే నదిని బిగించాలన్నవాడే మిగులు నీటికి దారి ముందుగా చూసిపెట్టాడు. ఇంత చేసినా ఒండ్రు పూర్తిగా పోలేదు. 1855లో నది గట్టు తెంచుకుని, తూర్పు దారి వదిలేసి, ఉత్తరాన బోహై సముద్రంలో కలిసింది.

అమెరికాలో మిసిసిపీ నది విషయంలో మిగులు నీటికి దారి చూపడమనే ఆ రెండో సగాన్నే వదిలేశారు. 1852లో చార్లెస్ ఎలెట్ అనే ఇంజినీరు, ఎగువన కట్టలు పొడిగిస్తున్న కొద్దీ దిగువన వరద మట్టం పెరుగుతుందనీ, కట్టలతో పాటు జలాశయాలు, మిగులు దారులు ఉండాలనీ నివేదించాడు. 1861లో హంఫ్రీస్, అబట్ అనే సైనిక ఇంజినీర్లు మరింత పెద్ద నివేదిక రాసి కట్టలవైపే మొగ్గు చూపారు. ఆ తరువాత సుమారు అరవై ఏళ్లు అక్కడి ప్రభుత్వ విధానానికి 'కట్టలు మాత్రమే' అన్న పేరే స్థిరపడిపోయింది. నది పాత పాయలను కూడా మూసేశారు. 1927 వసంతంలో కట్టలు అనేక చోట్ల తెగి సుమారు 70 వేల చదరపు కిలోమీటర్ల నేల మునిగింది, లక్షల మంది ఇళ్లు వదిలి కట్టల మీదే డేరాల్లో తలదాచుకున్నారు.

ఆ ఏప్రిల్ చివర్లో జరిగిన ఒక సంఘటన మన చర్చకు చాలా దగ్గరగా ఉంటుంది. న్యూ ఆర్లియన్స్ నగరాన్ని కాపాడుకోవడానికి నగర పెద్దలు ప్రభుత్వాన్ని ఒప్పించి, దిగువన కెయిర్నార్వన్ దగ్గర కట్టను డైనమైటుతో పేల్పించారు. ఆ నీటిలో మునిగినవి వేటగాళ్లు, జాలరులు బతికే రెండు జిల్లాలు. పరిహారం ఇస్తామన్న మాట ఇచ్చారు గాని చాలామందికి దక్కింది నామమాత్రమే. పైగా అప్పటికే ఎగువన కట్టలు తెగడంతో నగరానికి ఆ పేల్చివేత అవసరమే లేకపోయిందని తరువాత తేలింది. మిగులు నీటికి దారి ముందుగా పెట్టకపోతే, ఆ దారి ఎవరి ఇంటి మీదుగా పోవాలో ఆఖరి గంటలో బలమున్నవారు నిర్ణయిస్తారు. 1928లో కొత్త చట్టం వచ్చింది. 1931 నాటికి నగరానికి ఎగువన బానే కారే అనే చోట 350 తలుపుల కలుజు పూర్తయింది. రెండున్నర లక్షల క్యూసెక్కుల వరకు నీటిని పక్కనున్న సరస్సులోకి వదిలే ఆ కట్టడం నేటికీ పనిచేస్తోంది.

కోసీ సంగతి కూడా ఇదే కోవలోనిది. 1950ల రెండో సగంలో ఇరువైపులా కట్టలు కట్టారు. వందలాది గ్రామాలు ఆ రెండు కట్టల మధ్యే ఉండిపోయాయి. హిమాలయాల నుంచి దిగే ఒండ్రు కట్టల మధ్య పేరుకుంది. తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులకు రూపొందించిన కట్ట 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద అందులో ఆరో వంతు ప్రవాహానికే తెగిపోయింది. నది వదిలేసి పోయిన పాత దారి పట్టి లక్షలాది మందిని ముంచింది. స్వర్ణముఖి కోసీ అంత ఒండ్రు మోయదు కనుక ఆ ఉదాహరణను ఇక్కడికి యథాతథంగా తేవడం సరికాదు. అయితే కట్ట ఉంది గదా అన్న ధీమాతో వెనుక ఇళ్లు పెరగడం మాత్రం అన్ని నదుల ఒడ్డునా ఒకేలా జరిగింది.

సమాధానం 3
ఆయకట్టు రైతు:

పెద్దలిద్దరి సమాధానాలు చదివాక నాకు తోచింది ఏమిటంటే, 'కట్టలు మాత్రమే' అన్న ఆ అమెరికా విధానం మొరవ (మిగులు నీరు పొర్లిపోయే కలుజు) లేని చెరువు లాంటిది. మా వైపు చెరువు చూడటానికి వచ్చినవాళ్లు కట్ట పొడవు, తూముల సంఖ్య అడుగుతారు. ఊరి ముసలివాళ్లు మాత్రం మొరవ ఎక్కడుంది, అది దాటిన నీరు ఏ వంకలో పడుతుంది అని అడిగేవారు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. ఆ చెరువును కట్టించినవాడు విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లపాటు పనిచేశారని అందులో రాసి ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను చెప్పి, ఆ వెంటనే ఆరు దోషాలను చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం, చౌడు నేల ఒక దోషం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒక దోషం. నాకు నచ్చినది చివరిది: నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. నీటికి తగినంత చోటు లేకపోవడాన్ని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతి మీద దోషంగా చెక్కించారు.

పూర్వులు ఏటికి కట్టలు ఎందుకు కట్టలేదన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇది. వాళ్లకు స్వర్ణముఖి నుంచి కావలసింది నీరు. ఇసుకలో ఊటకాలువలు తీసుకున్నారు, వంకలకు అడ్డంగా చెరువులు వేసుకున్నారు, ఒక చెరువు మొరవ నీరు కింది చెరువులో పడేలా గొలుసుగా కట్టుకున్నారు, ఊళ్లను గట్టు నేల మీద పెట్టుకుని ఏటి పక్క పల్లాన్ని తోపులకు, మేతకు వదిలేశారు. చెరువు మరమ్మతు చూసేవారికి దశబంధం ఇనాము ఉండేది, తూము తలుపు చూడటానికి నీరుగంటి ఉండేవాడు. ఇప్పుడు ఇనామూ లేదు, నీరుగంటీ లేడు. సగం చోట్ల చెరువులోకి నీరు తెచ్చే కాలువ మీద రోడ్డో, లేఅవుటో ఉంది.

2021లో రాయలచెరువు కట్ట మీద ఇసుక బస్తాలు వేస్తుంటే కొందరు పెద్దవాళ్లు కట్ట వెనుక కాలి దగ్గర ఊరే నీటిని దోసిట్లోకి తీసుకుని చూస్తూ నిలబడ్డారు. కుర్రవాళ్లకు అది అర్థం కాలేదు. ఊరే నీరు తేటగా ఉంటే కట్ట నానుతోందని అర్థం, ఇంకా వ్యవధి ఉంది. నీరు మడ్డిగా మారితే లోపలి మట్టి కొట్టుకువస్తోందని, బుంగ పడుతోందని అర్థం. అప్పుడు తొందరపడి ఆ బుంగ నోట్లో బస్తా కుక్కకూడదు; నీరు పక్కన మరో చోట పొడుచుకు వస్తుంది. దాని చుట్టూ బస్తాలతో బావి ఒరలాగా గుండ్రంగా పేర్చి, లోపల నీటిని కొంత ఎత్తుకు నిలవనివ్వాలి. ఆ నిలిచిన నీటి బరువుకు లోపలి నుంచి వచ్చే తోపుడు తగ్గి, మట్టి రావడం ఆగి, తేట నీరు మాత్రమే పైన పొర్లుతుంది.

నా అభిప్రాయం అడిగితే గోడకు పెట్టే డబ్బులో సగం చంద్రగిరి, రామచంద్రాపురం, తిరుపతి గ్రామీణ మండలాల చెరువుల పూడిక తీతకు, మొరవల బాగుకు పెడితే ఏటికి చేరే వరదే తగ్గుతుంది.

విశ్రాంత ఇంజినీరు:

రైతు గారు చెప్పిన బుంగ విద్య అక్షరాలా సరైనది, మిసిసిపీ కట్టల మీద కూడా అదే పద్ధతి పాటిస్తారు. ఆఖరి మాటతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించలేను. చెరువుల గొలుసు మామూలు వానలకు చేసే మేలు చాలా ఉంది. కాని నవంబరు వాయుగుండం వచ్చేనాటికి అవి తరచు ముందు వానలతోనే నిండి ఉంటాయి, నిండిన చెరువు వరదను పట్టుకోలేదు. అంతకంటే ప్రమాదం, పై చెరువు తెగితే కింది చెరువు తట్టుకోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచినప్పుడు ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయని, ఆ నీరంతా వరదకు తోడైందని విచారణకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గమనించారు. ఆయన సూచన నగరంలో గోడలతో ఆగలేదు; ఎగువన మూసీ మీద, ఈసీ మీద వరద కోసం ఖాళీ ఉంచుకునే రెండు పెద్ద జలాశయాలు కావాలన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. 2021లో చెయ్యేటి మీద కూడా ముందు ఎగువన పింఛ కట్ట తెగి, ఆ తరువాతే అన్నమయ్య తెగింది. చెరువులు బాగు చేయాలంటే మొదట మొరవలను వెడల్పు చేయాలి, పూడిక సంగతి ఆ తరువాత.

తిరుచానూరు వాసి:

ముగ్గురికీ ధన్యవాదాలు. వచ్చే సమావేశంలో గోడ వద్దు అని చెబితే ఎవరూ వినరు. ఒడ్డున ఇళ్లు ఉన్నవారి భయం నిజమైనదే. గోడ కట్టడం ఖాయమైతే ఏ షరతులు పెట్టమని అడగాలో చెప్పగలరా?

విశ్రాంత ఇంజినీరు:

ఇళ్లు ఒడ్డు మీదే ఉన్న మేరకు రక్షణ గోడ తప్పదు. దానికి పాదం లోతు, రాతి పరుపు అడగండి. ఇళ్లు లేని మేరలో గోడను ఏటి అంచున కాక వీలైనంత వెనక్కి, పొలాల అవతలికి జరపమనండి. నెదర్లాండ్స్‌లో 1995 వరదకు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించిన తరువాత వాళ్లు చేసిన పని అదే. నైమేగన్ నగరం ఎదుట కట్టను 350 మీటర్లు వెనక్కి కట్టి, ఆ ఖాళీలో నదికి మరో పాయ తవ్వారు. అందుకోసం ఉన్న ఇళ్లు కొన్ని తీయవలసి వచ్చింది. మనకు ఆ ఖాళీ నేల ఇంకా కొన్ని చోట్ల మిగిలే ఉంది, లేఅవుట్లు పడకముందే దాన్ని ఏటి నేలగా గుర్తించమనాలి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ అడగరు. తిరుపతిలో కొండ మీద పడిన వాన ఊరి మధ్యలోని కాలువల గుండా దిగి స్వర్ణముఖిలో కలవాలి. గోడ కట్టాక ఆ కాలువలన్నీ గోడను ఎక్కడ దాటుతాయో ప్లానులో చూపించమనండి. దాటే ప్రతి చోటా ఏటి వైపు తెరుచుకుని, ఏరు పొంగితే నీటి ఒత్తిడికి దానంతట అదే మూసుకునే తలుపు తూము ఉండాలి. తలుపు మూసుకున్న గంటల్లో ఊరి నీరు నిలవడానికి ఒక గుంటో, తోడిపోయడానికి పంపులో ఉండాలి. అవి లేకపోతే ఏటి నీరు గోడ బయటే ఆగినా, కొండ నీరు గోడ లోపల నిలిచి అవే ఇళ్లలోకి వస్తుంది.

తిరుచానూరు వాసి:

మా వీధి చివరి కాలువే ఏటిలో కలిసే చోటు. మా దగ్గర చూపించిన ప్లానులో అక్కడ గోడ గీత ఉంది గాని తూము గుర్తు లేదు. రేపే వెళ్లి అడుగుతాను.